కొట్టినచోట కొమ్మ

భవానీపురం వెనక కొండ మీద కట్టెలు కొట్టుకునేవాళ్లు, కొట్టడం అవగానే మోపు కట్టరు. ముందు ఒక పచ్చికొమ్మ విరిచి, అప్పటిదాకా తాము నిలబడ్డచోట నేలలో గుచ్చుతారు. మోపు కట్టడం, తలగుడ్డ చుట్టడం, దిగడం అన్నీ ఆ తర్వాతే. ఆ కొండ మీద ఏ దెబ్బ వేసినా, ఎక్కణ్ణుంచి వేశారో అక్కడికే పొద్దు వాలేలోపు తిరిగొస్తుంది. వేసింది ఎవరన్న సంగతి దానికి అక్కర్లేదు. ఆ చోట ఎవరుంటే వాళ్లకి తగులుతుంది. ఎవరూ లేకపోతే నేలకి తగిలి, కాస్త దుమ్ము లేపి ఊరుకుంటుంది. కొమ్మ గుచ్చి ఉన్నచోట పిల్లలు నిలబడరు, మేకలు కూడా చుట్టూ తిరిగి పోతాయి.

కొండ అంచున క్వారీలో కంకర కొట్టే ఆడవాళ్లు గోనెపట్టా మీద కూర్చుని నాలుగు రాళ్లు కొట్టి, పట్టా అవతలికి జరుపుకుని మరో నాలుగు కొడతారు. మధ్యాహ్నం కల్లా అందరూ పని ఆపి గుడిసెలకి దిగిపోతారు. అక్కణ్ణుంచి కొండ వంతు. ఒకసారి కొత్త కాంట్రాక్టరొకాయన వచ్చి, తొందరెక్కువ మనిషి, సాయంత్రం కూడా పని పెట్టించాడు. పొద్దున మందు పేల్చిన గోతిలోనే లారీ ఆపించాడు. మర్నాడు ఆ లారీని తట్టల్లో ఎత్తుకుపోయారు. అదృష్టం బాగుండి డ్రైవరు అప్పుడు టీకి వెళ్లాడు.

అందువల్ల ఆ కొండ మీద మగవాళ్లంతా బుద్ధిమంతులు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు గదా, వీధిలో కూడా పులులైనవాళ్లు అక్కడికి ఎక్కితే పిల్లులే. ఎద్దుని అదిలించరు, పిల్లాడికి మొట్టికాయ వెయ్యరు. ఎప్పుడైనా ఎవడైనా కోపం పట్టలేక చెయ్యి చేసుకుంటే, చూసినవాళ్లు వెంటనే "జరుగు" అనాలి. పగవాడైనా సరే, అనాలి. అతను పక్కకి జరుగుతాడు, ఎవరో ఒకరు కొమ్మ గుచ్చుతారు, అక్కడితో సరి. మంచి ఆచారమే, కాదనను. దెబ్బ తిన్నవాళ్లతో అనవలసిన మాట మాత్రం పెద్దలు ఏదీ పెట్టి పోలేదు. వాళ్లెవరూ తిని ఉండరు.

మార్తకి ఆ కొండంటే ప్రాణం. మొగుడు అంతోని వన్ టౌన్లో బెల్లం గోడౌన్ దగ్గర బస్తాలు మోసే ముఠా పని చేస్తాడు. కుడిచేత్తో కొక్కెం వేసి లాగాడంటే ఎంత బస్తా అయినా వీపు మీదికి ఎక్కాల్సిందే. ఆ చెయ్యి బలం గురించి ముఠావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. వాళ్లకన్నా మార్తకి బాగా తెలుసు, కానీ ఆమె చెప్పుకోదు. అతను పరాయివాడు కాదు, మేనత్త కొడుకు. ఊహ తెలిసినప్పట్నుంచి బావా అని పిలిచిన మనిషి. పోయినేడు ఆ బావ చేతి దెబ్బలకే కడుపులో బిడ్డ పోయింది. భవానీపురం సందులో దెబ్బ తిరిగిరాదు. కొండ మీద తిరిగొస్తుంది కాబట్టి అక్కడ అతను చెయ్యెత్తడు. అవసరం ఉన్నా లేకపోయినా ఆమె కట్టెలకి వెళ్లడం అందుకే.

కొండ తర్వాత ఆమెకి నచ్చింది తపస్కాలం. ఈస్టరుకి ముందు ఆ నలభై రోజులూ అంతోని మాంసం ముట్టడు, సారా ముట్టడు, మొక్కు కాబట్టి పెళ్లాన్ని కూడా కొట్టడు. "తపస్కాలంలో నీ మొహం కళకళలాడుద్దే పిల్లా" అని పక్కింటి అమలమ్మ ఏటా అంటుంది. ఏటా ఈస్టరు వెళ్లాక అనడం మానేస్తుంది. ఈసారి మార్తకి మళ్లీ మూడో నెల. ఈ బిడ్డయినా నిలవాలని గుణదల మాతకి మొక్కుకుంది. మాత మీద నమ్మకం ఉంది కానీ, ఈస్టరు దగ్గరికొస్తుంటే ఆమెకి అన్నం సయించడం మానేసింది.

ఈస్టరు మర్నాడు, సోమవారం, అంతోని స్నేహితులతో కొండెక్కి కుందేళ్లు కొట్టుకొచ్చి వండుకు తినడం వాళ్ల ఆనవాయితీ. స్నేహితులంటే ఇద్దరే. ఒకడు శౌరయ్య, అదే ముఠాలో అదే గుడివాడు, ఎవరేమన్నా "ఎందుకులే" అని సర్దుకుపోయే మనిషి. రెండోవాడు వెంకటప్పయ్య. హనుమాన్ జంక్షన్ వైపు కమ్మతం పోగొట్టుకుని వచ్చి లారీ ఆఫీసులో చేరాడు. అతనికి తపస్కాలమూ లేదు, ఈస్టరూ లేదు, కానీ వేటకుక్కలున్నాయి. మోతి, జాకీ. అందులో మోతి రోజూ పొద్దున్నే మార్త గుమ్మం దగ్గరకొచ్చి గంజి తాగి పోతుంది.

ఆ ఏడు మార్త తానూ వస్తానంది. వంట చేస్తానంది. ఈస్టరు తర్వాతి మొదటి రోజు ఇంట్లో ఉండడం కన్నా కొండ మీద ఉండడం నయమని ఆమె లెక్క. అంతోని సరేనన్నాడు. చీకటి విడుతుండగా నలుగురూ కుక్కలతో బయల్దేరారు. మగవాళ్ల చేతుల్లో బల్లెం, దుడ్డుకర్రలు, సారా సీసాలు. ఆమె నెత్తిన గిన్నెలు, బియ్యం, నీళ్ల కుండ.

దారిపొడుగునా తంగేడు పూసి ఉంది. కింద కృష్ణ సన్నబడి ఇసుక తేలింది. గొడుగుబండ అని ఒకటుంది, దాని కింద ఆరుగురు పట్టేంత నీడ. కొండ మీద ఆ పూట దొరికే నీడ అదొక్కటే. మార్త అక్కడ పొయ్యి పెట్టి, చాలా రోజుల తర్వాత పాట తీసింది. మగవాళ్లు ఇంకా సీసా దగ్గరే ఉన్నారు. కుక్కలు వచ్చి ఆమె ఎదుట కూర్చుని మొహంలోకి చూశాయి. రెండు ముద్దలు పెట్టింది. ఇంకా చూశాయి, ఇంకా పెట్టింది.

వేటకి పోయే కుక్కకి అన్నం పెట్టకూడదు. నిన్నటినుంచి వెంకటప్పయ్య వాటిని పస్తుంచాడు. ఆ సంగతి మార్తకి ఎవరూ చెప్పలేదు.

మొదటి కుందేలు మోతి ముందునుంచే పరిగెత్తింది. మోతి పది అంగలు వేసి, ఆయాసపడి, ఆవులించింది. రెండోదాన్ని జాకీ అసలు చూడనే లేదు. నలభై రోజులు మాంసం కోసం ఓపిక పట్టిన అంతోని బండ దగ్గరికి తిరిగొచ్చాడు. కుక్కల మూతులకి అంటిన మెతుకులు చూశాడు.

"నువ్వు పెట్టావా?"

"ఆకలితో నా మొహంలోకే చూస్తుంటే పెట్టాను బావా. నాకు తెలవదు."

అతను కొట్టాడు. చెంప మీద ఒకటి కొట్టి, ఆమె పొయ్యి మీదికి తూలితే జుట్టు పట్టి లేపి, పిడికిలి బిగించి నోటి మీద గుద్దాడు. పన్ను ఊడి అన్నంలో పడింది. ఆమె చేతులు రెండూ పొట్టకి అడ్డం పెట్టుకుని ముడుచుకుంది. అది చూసి అతనికి ఇంకా మండినట్టుంది, మరో రెండు గుద్దులు వీపు మీద గుద్ది కాలెత్తాడు.

"జరుగు అంతోనీ" అన్నాడు వెంకటప్పయ్య.

అంతోని ఎత్తిన కాలు దించి, మంచి అలవాటున్న మనిషిలాగా రెండడుగులు పక్కకి జరిగాడు. ఊపిరి తీసుకున్నాడు. శౌరయ్య తంగేడు కొమ్మ విరుచుకొచ్చి, అతను నిలబడ్డచోట గుచ్చాడు. పసుపుపచ్చని పూలతో ఆ కొమ్మ దూరానికి కూడా బాగా కనిపిస్తోంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అంతోనికి ఆ కొమ్మ చూడబుద్ధి కాలేదు. కొండ మీద పెళ్లాన్ని కొట్టాడని దారిన పోయే ప్రతివాడికీ అది చెబుతుంది మరి. "పెళ్లాన్ని కొడితే కూడా కొమ్మలేంట్రా" అని పీకి లోయలోకి విసిరేశాడు. మన ముగ్గురికీ తెలుసు గదా, ఇక్కడెవరు నిలబడతారు అన్నాడు. శౌరయ్య ఎందుకులే అనుకున్నాడు. మార్త నలుగురిలో లెక్కకి రాలేదు. మగవాళ్లు మళ్లీ కుక్కల్ని తీసుకుని పైకి వెళ్లిపోయారు.

మార్త నోట్లో నీళ్లు పోసుకుని ఉమ్మింది. పొట్ట తడుముకుంది, నొప్పి లేదు. అన్నంలోంచి పన్ను ఏరి కొంగున కట్టుకుంది. దెబ్బలు ఆమెకి కొత్త కాదు. కానీ ఇన్నాళ్లూ కొండ మీద కొట్టడనుకుంది. కొట్టి పక్కకి జరిగితే చాలని అతనికి ఇవాళ తెలిసిపోయింది. ఇక లోకంలో తనకి ఎక్కడా చోటు లేదని మార్త ఏడ్చింది. పెద్దగా, ఎవరూ లేరు కాబట్టి నోరారా ఏడ్చింది.

పైన మూడో పొద కదిలింది. మోతి ఈసారి ఆవులించలేదు, నేరుగా దూకింది. పొదలోంచి వచ్చింది కుందేలు కాదు. కొండపల్లి అడవిలోంచి దిగొచ్చిన పంది, గేదెపెయ్యంత ఉంది. మోతిని కోరతో ఎత్తి పడేసింది. మోతి లేచి నాలుగడుగులు నడిచింది, పేగులు దాని వెనకే వచ్చాయి. అప్పుడు పడిపోయింది.

ఆ తర్వాత జరిగింది వేట కాదు. వెంకటప్పయ్య మోతిని చూసి వెర్రెత్తినట్టు రాళ్లు రువ్వాడు. శౌరయ్య కర్ర తిప్పాడు, ఎటు తిప్పుతున్నాడో అతనికే తెలీదు. అంతోని బల్లెంతో పంది మెడలో పొడిచాడు. బల్లెం విరిగింది. పంది తల వంచి, అతని ఎడమ తొడని మోకాలి దగ్గర్నుంచి పైదాకా చీల్చి, రాళ్ల మీదికి విసిరింది. ఆ పడడంలో కుడిభుజం కీలు ఊడిపోయింది. పందికి ఆచారాలు ఎవరూ నేర్పక్కర్లేదు, పొడిచినచోట అది క్షణం నిలబడదు. మెడలో బల్లెం ములికితోనే పొదలు తొక్కుకుంటూ పోయింది.

అప్పుడు చూసుకున్నారు మగవాళ్లు, తాము ఎక్కడున్నారో. ఆ వాలంతా తాము వేసిన దెబ్బలే. ఎవరు ఎక్కడ నిలబడి ఏం విసిరారో ఒక్కరికీ గుర్తు లేదు, ఒక్కచోట కొమ్మ లేదు. అనుకుంటుండగానే శౌరయ్య ఎప్పుడో తిప్పిన కర్ర దెబ్బ తిరిగొచ్చి వెంకటప్పయ్య వీపు మీద ఫెడీమని పడింది. అతను తప్పించుకోబోయి పక్కకి దూకితే, అక్కడ తన రాయి తనకే వచ్చి కనుబొమ చీలింది. ఇంకో దెబ్బ వాళ్లిద్దరి మధ్య నేలలోకి దిగి దుమ్ము లేపింది. మోతిని అక్కడే వదిలేసి, అంతోనిని చెరో పక్కా పట్టుకుని, ఒంటి మీద ఎక్కడ ఏది పడుతుందో తెలియక కేకలు పెడుతూ దిగారు.

గొడుగుబండ నీడలో, పొయ్యి పక్కన అతన్ని పడుకోబెట్టారు. సరిగ్గా అక్కడే. కొమ్మ ఉంటే చూసేవాళ్లు. వెంకటప్పయ్య కళ్ల నిండా నెత్తురు, శౌరయ్య ఇంకా వెనక్కే చూస్తున్నాడు, ఎవరికీ గుర్తు రాలేదు. మార్త తలగుడ్డ చింపి తొడకి కట్టింది. అంతోని ఎడమ చేతిని ఆ కట్టు మీద పెట్టి, వదలొద్దు, వదిలితే నెత్తురాగదు అని శౌరయ్య చెప్పాడు. క్వారీ గుడిసెల నుంచి మంచం, నలుగురు మనుషుల్ని తెస్తామని ఇద్దరూ కిందికి పరుగెత్తారు.

చెప్పాలనుకుందట మార్త. నోరు వాచి మాట రాలేదని తర్వాత అంది. నిజమే అయ్యుండొచ్చు.

జాకీ మాత్రం బండ నీడలోకి రాలేదు. అవతలే నిలబడి, అంతోని తల ఉన్నచోటు చూస్తూ మూలుగుతోంది. ఎండ పసుపురంగుకి తిరిగింది. అంతోని స్పృహలోకి వచ్చి పైన బండ అంచుని చూశాడు, పక్కన పొయ్యిని చూశాడు, ఎర్రబడ్డ అన్నాన్ని చూశాడు. తాను ఎక్కడున్నాడో అతనికి తెలిసిపోయింది. లేవబోయాడు. కాలు లేదు, భుజం లేదు, ఉన్న ఒక్క చెయ్యీ కట్టు మీది నుంచి తియ్యగానే నెత్తురు ఉబికింది. మళ్లీ నొక్కి పట్టుకున్నాడు.

"మార్తా, లాగవే. అవతలికి లాగు."

ఆమె కదల్లేదు.

"నా తల్లి కదూ. కడుపులో బిడ్డ మీద ఒట్టు, ఇంకెప్పుడూ చెయ్యెత్తను."

"పోయినేడూ ఇదే ఒట్టు బావా," అంది మార్త. ఊడిన పంటి సందులోంచి మాట గాలిగా వచ్చింది. "ఆ బిడ్డేది?"

అతను ఏడ్చాడు. మార్త అతన్ని ఏడవనిచ్చి ఆలోచించుకుంది. ఊరికే కూర్చుంటే చాలు. గుద్దులన్నీ అతని తల మీదికే వస్తాయి, ఇంత నెత్తురు పోయిన మనిషి తట్టుకోడు. మంచం తెచ్చినవాళ్లు పంది చంపిందంటారు. ముఠావాళ్లు పాడె మోస్తారు, ఫాదర్‌గారు మంచి మాటలు చెబుతారు. ఇన్నేళ్లు తనని కొడుతుంటే చూసిన ఊరు అప్పుడు వచ్చి తన కోసం ఏడుస్తుంది. కానీ ఆమెకి అతన్ని చంపుకోవాలని లేదు. చిన్నప్పుడు తాటిముంజెలు చెక్కి పెట్టిన బావ అతను. దెబ్బలు పడకుండా ఉండాలి, బిడ్డ నిలవాలి, ఆమెకి కావలసింది అంతే. చంపుకోవడానికీ కాపాడడానికీ మధ్య దారి ఉండొచ్చని అప్పటిదాకా ఆమెకి తోచలేదు.

లేచింది. అతని తల వెనక్కి వెళ్లి, చంకల కింద చేతులు పెట్టి లాగింది. అతను బస్తాలు మోసే మనిషి, బరువు. పొట్ట మీద ఒత్తిడి పడకుండా మోకాళ్ల మీద కూర్చుని, జానెడు జానెడే లాగింది. తల బయటికి వచ్చింది. రొమ్ము వచ్చింది, నడుము వచ్చింది. తర్వాత పక్కకి వెళ్లి రెండు కాళ్లూ ఇవతలికి పెట్టింది, గాయమైన కాలు ముందు, మెల్లిగా. మెలిపడి పోయిన కుడిచెయ్యి మాత్రం తాడులాగా ఈడ్చుకొచ్చి, మోచేతి దాకా బయటికొచ్చి, అక్కడ ఆగింది. మిగతాది ఇందాకటి చోటులోనే ఉంది. పిడికిలి సగం ముడిచి ఉంది.

మార్త లేచి కొంగు దులుపుకుని, వెళ్లి జాకీ పక్కన కూర్చుంది.

"చెయ్యి," అన్నాడు అంతోని. "మార్తా, చెయ్యి లోపలే ఉండిపోయింది. ఇంకొక్కసారి లాగు."

"అలిసిపోయాను బావా."

అతను ఆమెని తిట్టాడు. తర్వాత బతిమాలాడు. తర్వాత అమ్మని పిలిచాడు, ఆమె పోయి పదేళ్లయింది. భుజం కదిలించబోతే ప్రాణం పోయేంత నొప్పి, చెయ్యి మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మార్త అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది. కళ్లు తిప్పుకోలేదు.

జాకీ మూలగడం ఆపింది. ముందు వచ్చింది చెంపదెబ్బ, అరచేతి మీద పడి వేళ్లని నేలకి అతికించింది. దాని వెనకే గుద్దు. తన పన్ను ఊడినప్పుడు ఏ చప్పుడైతే మార్త తలలోపల విందో, అదే చప్పుడు ఇప్పుడు బయట వినిపించింది. వీపు మీది రెండు గుద్దులూ ఒకదాని మీద ఒకటి దిగాయి. ఎముకలు చర్మం చీల్చుకుని తెల్లగా వచ్చాయి. అంతోని అరిచిన అరుపు క్వారీ గుడిసెల దాకా వినపడిందట. ఆ తర్వాత అతనికి స్పృహ లేదు. మార్త వెళ్లి, జారిపోయిన అతని ఎడమ చేతికి బదులు తన చేతులు రెండూ తొడ కట్టు మీద వేసి, మంచం వచ్చేదాకా నొక్కి పట్టుకుంది.

మంచంతో వచ్చిన వెంకటప్పయ్య, అంతోని చేతిని చూసి, ఇది కూడా పంది పనేనా అన్నాడు. శౌరయ్య చేతిని చూశాడు, చెయ్యి ఉన్నచోటు చూశాడు, మార్త నోరు చూశాడు. "పందే" అన్నాడు. కుండలో మిగిలిన నీళ్లు గ్లాసులో పోసి ఆమె చేతికిచ్చాడు. తొమ్మిదేళ్ల స్నేహంలో ఆ మనిషి ఆమె కోసం చేసిన మొదటి పని అది. నన్నడిగితే చాలా ఆలస్యం. ఆమె మాత్రం తాగింది.

పెద్దాసుపత్రిలో తొడకి కుట్లు వేసి ప్రాణం నిలబెట్టారు. చేతికి రెండు వేళ్లు తీసేశారు. మిగిలినవి ముడుచుకోవు, కొక్కేన్ని పట్టవు, దేన్నీ పట్టవు. గోడౌన్ మేస్త్రి పాత మనిషని దయతలచి అతన్ని గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాడు. మార్తకి వానాకాలం వెళ్తుండగా ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండి, నల్లగా, బొద్దుగా పుట్టింది.

పిల్లకి మూడో నెల నడుస్తుండగా ఒక సాయంత్రం అంతోని తాగి వచ్చాడు. కూరలో ఉప్పెక్కువైందన్నాడు. పిల్ల ఏడుపు ఆపమన్నాడు. ఆపకపోతే లేచి, ఎనిమిది నెలలుగా అన్ని పనులూ నేర్చుకుని బలం పట్టిన ఎడమ చేతిని ఎత్తాడు.

మార్త పిల్లని భుజం మారుస్తూ అతని వంక చూసింది. జరగలేదు, ముడుచుకోలేదు.

"కట్టెలు అయిపోయినయ్ బావా," అంది. "రేపు కొండకి పోదాం. మనిద్దరమే."

అంతోని మూలకి చూశాడు. కట్టెలు చూరు దాకా పేర్చి ఉన్నాయి. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి, దండెం మీది తువ్వాలు అందుకుని, దాంతో మొహం తుడుచుకుని కంచం ముందు కూర్చున్నాడు.